కొలిమి వెలుగులో: సున్నం మరచిపోని వేడి



గత నెలలో ఒక ఆదివారం సాయంత్రం స్మృతి నగర్‌లోని మా ఇంటి వరండాలో కూర్చుని ఉండగా, పక్క వీధిలోని మిత్రుని కుమార్తె పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి రసాయనశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చదువుతున్నది. ఘనస్థితి రసాయనశాస్త్రం, ఉష్ణ విశ్లేషణ పద్ధతులు అనే రెండు అధ్యాయాలు ఆమెను ఇబ్బంది పెడుతున్నాయట. ‘‘అంకుల్! రెండు నమూనాల రసాయన సంఘటనం ఒకటే అయినప్పుడు వాటి చర్యాశీలత కూడా ఒకటే కావాలి గదా! మా పుస్తకం కాదంటున్నది. ఎందుకు కాదో మాత్రం నాలుగు సమీకరణాలు వ్రాసి ఊరుకున్నది’’ అన్నది.

ఆ ప్రశ్నకు సమాధానం నాకూ పుస్తకం వలన తెలియలేదు. ఉద్యోగ జీవితపు తొలి రోజులలో నేను చేసిన ఒక పొరపాటు వలన తెలిసింది. అమ్మాయికి చెప్పిన సంగతులనే ఈ నెల మన శీర్షికలో మీ ముందు ఉంచుతున్నాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికీ, వారి ఇళ్లలోనివారికీ కూడా ఇది పనికివచ్చే విషయమేనని నా నమ్మకం.

పిడుగురాళ్ల సున్నం

మా స్వస్థలం పల్నాడులో పిడుగురాళ్లకు సమీపంలోని పల్లె. పిడుగురాళ్ల అనగానే మన తెలుగువారికి సున్నపు బట్టీలు గుర్తుకు వస్తాయి. నేల క్రింద ఎటు చూసినా సున్నపురాయి ఉన్న సీమ అది. సంక్రాంతికి ముందు ప్రతి ఇంటికీ వెల్ల వేయడం ఆనవాయితీ. 1970ల చివర, నేను చిన్న తరగతులు చదువుకునే రోజులలో, మా నాయనమ్మ బట్టీ నుండి వచ్చిన సున్నపు గడ్డలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, బరువు చూసి, రెండు కుప్పలుగా వేరు చేసేది. తేలికగా ఉన్నవి ఒక కుప్ప. బరువుగా ఉన్నవి మరొక కుప్ప. బరువైన వాటిని బట్టీ వానికే తిరిగి పంపేది. ‘‘ఇవి కొన్ని ఉడకని రాళ్లు, కొన్ని మాడిన రాళ్లు, రెండూ మనకు పనికిరావు’’ అనేది.

తేలిక గడ్డలను నీటి కుండలో వేయగానే బుసబుసమని శబ్దం చేస్తూ, పొగలు గ్రక్కుతూ, పగిలి, వెన్నవలె విచ్చుకునేవి. ఆ వేడికి కుండలోని నీరు తెర్లేది. మమ్మల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. ఒక సంవత్సరం ఆమె ఊళ్లో లేని సమయంలో గోడకు సున్నపు పూత వేయించారు. గడ్డలు ఏరినవారు లేరు. పూత నున్నగానే వచ్చింది. మరుసటి వానకాలానికి ఆ గోడ మీద అక్కడక్కడ శనగగింజంత పొక్కులు లేచి, పెచ్చులుగా రాలాయి. నాయనమ్మ తిరిగి వచ్చి చూసి, ‘‘మాడిన సున్నం ఇప్పుడు నిద్ర లేచింది’’ అన్నది.

ఆ మాటలోని శాస్త్రార్థం నాకు చాలా కాలానికి గాని బోధపడలేదు. ఎక్కువ వేడికి గురి అయిన సున్నపు రేణువు నీటితో వెంటనే కలవదు. నెలల తరబడి గోడలోని తేమను పీల్చుకుని, చివరకు విచ్చుకుని, తన చుట్టూ గట్టిపడిన పూతను బ్రద్దలు చేస్తుంది. మన పూర్వులు ఇళ్లు కట్టే ముందు సున్నాన్ని వారాల తరబడి నీటిలో నాననిచ్చి, గానుగలో ఆడించి మరీ వాడడానికి ఇదొక ముఖ్య కారణం.

రాతి లోపల జరిగేది

సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేటు. దానిని కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోయి, కాల్షియం ఆక్సైడు, అంటే పొడి సున్నం, మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చితే 44 కిలోల వాయువు పోయి 56 కిలోల సున్నం మిగలాలి. సాధారణ వాతావరణ పీడనం గల బొగ్గుపులుసు వాయువులో ఈ వియోగం జరగడానికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత కావాలి.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. బరువులో 44 శాతం పోయినా, జాగ్రత్తగా కాల్చిన గడ్డ పైకి దాదాపు అదే పరిమాణంలో కనిపిస్తుంది. రాయిలో కార్బనేటు ఆక్రమించిన చోటులో ఆక్సైడుకు నిజంగా అవసరమైనది సగం కంటె తక్కువ. మిగిలిన చోటు, లెక్క ప్రకారం సుమారు 54 శాతం, ఖాళీ రంధ్రాలుగా ఉండిపోతుంది. అందువలన బాగా కాలిన సున్నం స్పంజివలె తేలికగా ఉంటుంది. దాని లోపలి స్ఫటికాలు అతి సూక్ష్మమైనవి. వాటి ఉపరితలం చాలా విశాలమైనది. వాటి జాలకంలో లోపాలూ ఎక్కువ. నీరు గాని, ఆమ్లం గాని, కరిగిన లోహమలం గాని ఆ రంధ్రాల గుండా లోపలికి చొరబడి, అన్ని వైపుల నుండి ఒకేసారి పని ప్రారంభిస్తుంది. చర్యాశీలత అంటే ఇదే.

వాయువు పోవడంతో కాల్పు ఆపివేస్తే ఆ స్థితి నిలుస్తుంది. ఆపకుండా ఇంకా వేడి ఇస్తూ పోతే ఏమవుతుంది? ఘనపదార్థంలోని పరమాణువులు కదలని బొమ్మలు కావు. తగినంత వేడి తగిలితే అవి తమ స్థానాల నుండి మెల్లగా జరుగుతాయి. చిన్న స్ఫటికాలు పెద్ద వాటిలో కలిసిపోతాయి, రంధ్రాలు పూడిపోతాయి, గడ్డ కుదించుకుపోయి బరువెక్కుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ టమ్మాన్ ఈ కదలికకు ఒక స్థూలమైన కొండగుర్తు చెప్పాడు. ఆక్సైడుల వంటి పదార్థాలలో, ద్రవీభవన ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని సగం చేస్తే, దాదాపు ఆ ఉష్ణోగ్రత వద్ద జాలకంలోని కదలిక గణనీయమవుతుంది. సున్నం సుమారు 2,600 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ లెక్కన కొండగుర్తు 1,170 డిగ్రీల దగ్గర పడుతుంది. బట్టీ ఆ ప్రాంతాన్ని దాటి ఎక్కువసేపు మండినప్పుడు సున్నం మాడడంలో ఆశ్చర్యమేమున్నది?

మాడినా అది సున్నమే. రసాయన విశ్లేషణకు పంపితే కాల్షియం ఆక్సైడు శాతం ఏమాత్రం మారదు. ఇప్పుడు నా పొరపాటు సంగతి చెప్పాలి.

ఎనామిల్ మగ్గులో రెండు గడ్డలు

1990ల తొలి సంవత్సరాలలో నేను ఒక కర్మాగారంలో క్రొత్తగా చేరిన ఇంజనీరుని. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడి కన్వర్టర్ విభాగంలో ఒక వారం పాటు కొన్ని హీట్లలో భాస్వరం ఉండవలసిన దానికంటె ఎక్కువగా వచ్చింది. ఆ ఉక్కును తక్కువ రకం పనికి మళ్లించవలసి వచ్చింది. కారణం విచారించి నివేదిక ఇమ్మని నన్ను నియమించారు.

ఇనుములోని భాస్వరాన్ని తొలగించేది సున్నమే. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదే సమయం 15 నుండి 20 నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో సున్నం లోహమలంలో కరిగి, భాస్వరాన్ని పట్టుకోవాలి. నేను మొదట సున్నం కాగితాలు తెప్పించాను. మంచి వారం సున్నం, చెడ్డ వారం సున్నం, రెండింటిలోనూ కాల్షియం ఆక్సైడు 92 శాతమే. కాల్చినప్పుడు తగ్గే బరువు కూడా రెండింటికీ ఒకటే. కనుక సున్నంలో దోషం లేదని తేల్చాను. ఇక మిగిలినది మనుషులు. ఆక్సిజన్ లాన్స్ ఎత్తును సరిగా పాటించలేదని, అది షిఫ్టు సిబ్బంది అజాగ్రత్త అని వ్రాసి సంతకం చేశాను. దాని మీద కన్వర్టర్ ఫోర్‌మన్ గారికి సంజాయిషీ కోరుతూ ఉత్తర్వు వెళ్లింది.

ఆయన శ్రీకాకుళం ప్రాంతం వారు. వయసులో మా తండ్రిగారి వంటివారు. మూడవ రోజున నా గదికి వచ్చారు. కోపం లేదు. చేతిలో ఒక ఎనామిల్ మగ్గు, కాగితంలో చుట్టిన రెండు సున్నపు గడ్డలు ఉన్నాయి.

‘‘బాబూ! మీ కాగితం ప్రకారం ఈ రెండూ ఒకటే. ఒక్కసారి నీళ్లలో వేసి చూడండి’’ అన్నారు.

మొదటి గడ్డ వేయగానే నాయనమ్మ కుండలోవలె బుస్సుమన్నది. క్షణాలలో నీరు తెర్లింది. మగ్గు కడిగి, క్రొత్త నీరు పోసి, రెండవ గడ్డ వేశాము. అది ఏటిలోని గులకరాయివలె అడుగున కూర్చున్నది. ఇద్దరమూ మాట్లాడకుండా దానినే చూస్తూ ఉండిపోయాము. చాలాసేపటికి ఒక బుడగ వచ్చింది.

‘‘ఇది కన్వర్టర్‌లో కూడా ఇట్లాగే కూర్చుంటుంది బాబూ. మేము లాన్స్ ఎత్తితే లేస్తుందా, దించితే లేస్తుందా?’’ అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో థర్మామీటరు పెట్టి, నిమిష నిమిషానికీ నీటి ఉష్ణోగ్రత వ్రాసుకున్నాను. మంచి సున్నం గీత నిటారుగా పైకి లేచింది. రెండవది నేలను ప్రాకినట్లు సాగింది. ఆ తరువాత బట్టీ రిజిస్టరు తిరగవేస్తే కారణం కనిపించింది. ఆ వారం రాయి సరఫరా తగ్గింది గాని, మంట తగ్గించలేదు. తక్కువ రాయికి ఎక్కువ వేడి తగిలి, సున్నం మాడింది.

నేను రెండవ నివేదిక వ్రాశాను. మొదటిది తప్పని స్పష్టంగా ఒప్పుకున్నాను. అయినా ఉత్తర్వు రద్దు కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఫోర్‌మన్ గారు నన్ను చూసినప్పుడల్లా ఎప్పటివలెనే నమస్కారం చేశారు. అదే నాకు అన్నింటికంటె కష్టంగా ఉండేది. మా నాయనమ్మ చేతితో తూచి చెప్పగలిగిన సంగతిని, ఇంజనీరింగు పట్టా ఉన్న నేను ఒక శాతం అంకెను నమ్మి చూడలేకపోయాను. ఆ అంకె అబద్ధం కాదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. ‘ఇందులో ఏమున్నది?’ అని అడిగాను గాని, ‘ఇది ఎంత వేడిని చూసి వచ్చింది? ఎంత త్వరగా పని చేస్తుంది?’ అని అడగలేదు.

వేడితో ప్రశ్నించే పద్ధతులు

ఈ రెండవ ప్రశ్నను అడగడానికి ఏర్పడినవే ఉష్ణ విశ్లేషణ పద్ధతులు. ఒక పదార్థాన్ని నిర్ణీత క్రమంలో వేడి చేస్తూ, దాని స్పందనను ఆద్యంతం నమోదు చేయడం వీటి సారాంశం. ముఖ్యమైనవి మూడు.

మొదటిది ఉష్ణభార విశ్లేషణ. కొలిమిలోని సున్నితమైన త్రాసు మీద చిన్న మూసలో కొన్ని మిల్లీగ్రాముల పొడి ఉంచి, ఉదాహరణకు నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. ఉష్ణోగ్రతతో బరువు ఎట్లా మారుతున్నదో గీతగా వస్తుంది. 10 మిల్లీగ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి పొడి వేస్తే, చివరకు 5.6 మిల్లీగ్రాములు మిగులుతుంది. బట్టీ నుండి వచ్చిన సున్నంలో ఉడకని రాయి ఎంత మిగిలి ఉన్నదో ఈ గీత చూసి చెప్పవచ్చు.

రెండవది భేదాత్మక ఉష్ణ విశ్లేషణ. పరీక్షించవలసిన పదార్థాన్ని, ఏ మార్పూ చెందని అల్యూమినా వంటి మరొక పదార్థాన్ని ప్రక్క ప్రక్కనే వేడి చేసి, రెండింటి ఉష్ణోగ్రతల తేడాను కొలుస్తారు. పదార్థం వేడిని గ్రహిస్తే గీత ఒక వైపు, విడుదల చేస్తే మరొక వైపు వంగుతుంది. బరువు మారని మార్పులు కూడా దీనికి దొరుకుతాయి. మూడవది భేదాత్మక స్కానింగ్ కెలోరిమితి. ఇది ఆ వేడి పరిమాణాన్ని కూడా లెక్క కట్టి చెబుతుంది.

మరి మాడిన సున్నం సంగతి? నిజం చెప్పాలంటే, కేవలం బరువు తగ్గడం చూసే ఉష్ణభార గీత మంచి సున్నానికీ మాడిన సున్నానికీ ఒకటే. రెండింటి నుండీ పోవలసిన వాయువు ముందే పోయింది. అక్కడ పరికరాన్ని వేరొక విధంగా వాడాలి. ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, బొగ్గుపులుసు వాయువునో నీటి ఆవిరినో పంపి, సున్నం ఎంత త్వరగా బరువు పెరుగుతున్నదో చూడాలి. లేదా ఫోర్‌మన్ గారి మగ్గును శాస్త్రబద్ధం చేయాలి. యూరోపియన్ ప్రమాణ పద్ధతిలో 600 గ్రాముల నీటిని 20 డిగ్రీల వద్ద ఉంచి, 150 గ్రాముల సున్నం వేసి, నీరు 60 డిగ్రీలకు చేరే సమయం కొలుస్తారు. సాధారణంగా రెండు నిమిషాల లోపు చేరితే చురుకైన సున్నం. ఐదారు నిమిషాలు దాటితే మాడిన సున్నం. ఇదీ ఉష్ణ విశ్లేషణమే. ఎనామిల్ మగ్గుకూ కెలోరిమీటరుకూ ఉన్నది బంధుత్వమే గాని వైరం కాదు.

పరికరం చెప్పే జవాబు మనం అడిగిన తీరు మీద కూడా ఆధారపడుతుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. డోలమైట్ రాయిని మామూలు గాలిలో వేడి చేస్తే దాని బరువు తగ్గుదల ఒకే పెద్ద మెట్టుగా కనిపించవచ్చు. అదే రాయిని బొగ్గుపులుసు వాయువులో వేడి చేస్తే, మెగ్నీషియం భాగం ముందు, కాల్షియం భాగం తరువాత, రెండు మెట్లు విడివిడిగా కనిపిస్తాయి. రెండు సందర్భాలలోనూ స్వచ్ఛమైన డోలమైట్ మొత్తం తగ్గుదల 47.7 శాతమే. కనుక నమూనా ఎంత, రేణువు ఎంత, ఏ వాయువులో, ఏ వేగంతో వేడి చేశారు అన్నవి వ్రాయని గీత, తేదీ లేని రిజిస్టరు వంటిది. ఈ క్రమశిక్షణ కోసమే 1965లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అంతర్జాతీయ ఉష్ణ విశ్లేషణ సంఘం ఏర్పడింది.

కొలిమి ప్రక్కనే పుట్టిన శాస్త్రం

ఈ పద్ధతుల చరిత్ర కూడా మన ఉక్కువారికి ఆత్మీయమైనది. 1887లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లీ షాట్లియర్ బంకమన్నులను వేడి చేస్తూ, ఉష్ణోగ్రత ఎక్కడ ఆగి సాగుతున్నదో థర్మోకపుల్ సాయంతో ఫోటో పలక మీద నమోదు చేశాడు. విద్యార్థులు సమతాస్థితి సూత్రం ద్వారా ఎరిగిన లీ షాట్లియర్ ఈయనే. 1899లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్స్-ఆస్టిన్ రెండు థర్మోకపుల్స్‌ను జోడించి తేడాను కొలిచే పద్ధతి తెచ్చాడు. ఆయన లోహశాస్త్రవేత్త. ఉక్కులోని ఆస్టినైట్ అనే రూపానికి ఆ పేరు ఆయన గౌరవార్థం వచ్చినదే. 1915లో జపాను శాస్త్రజ్ఞుడు కొతారో హోండా కొలిమినీ త్రాసునూ కలిపి ఉష్ణ త్రాసును వర్ణించాడు. రెండేళ్ల తరువాత ప్రసిద్ధమైన కె.ఎస్. అయస్కాంత ఉక్కును రూపొందించినది కూడా ఆయన నాయకత్వంలోనే.

ఘనపదార్థాలు ద్రవంగా మారితే తప్ప చర్య జరపవని పూర్వం ఒక విశ్వాసం ఉండేది. స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో పనిచేసిన ఆర్విద్ హెడ్వాల్, జర్మనీలో టమ్మాన్ మొదలైనవారు 20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఆ విశ్వాసాన్ని తొలగించారు. ఘనపదార్థాలు కరగకుండానే ఒకదానితో ఒకటి చర్య జరుపుతాయని, స్ఫటిక రూపం మారే ఉష్ణోగ్రత వద్ద వాటి చర్యాశీలత ప్రత్యేకంగా పెరుగుతుందని హెడ్వాల్ చూపాడు. గడ్డ ఏ విధంగా తయారైనది, ఏ వేడిని అనుభవించినది అన్న చరిత్రే దాని నడవడిని నిర్ణయిస్తుందని ఆ పరిశోధనల తాత్పర్యం.

మన భిలాయిలో

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుండి, ఈ కర్మాగారం దల్లీ–రాజహరా ఇనుప రాయితో, నందిని సున్నపురాయితో, హిర్రి డోలమైట్‌తో పెరిగింది. మనకు చేరే ప్రతి రాయీ ఏదో ఒక వేడిని చూసిన తరువాతనే ఉక్కుకు ఉపయోగపడుతుంది. అందువలన ఆ వేడిని అదుపులో ఉంచేవారి పని కంటికి కనిపించకపోయినా చిన్నది కాదు.

మన పట్టాలనే తీసుకోండి. భిలాయి పట్టా అంటే దేశమంతటా రైలు నడిచే దారి. ఈనాడు 260 మీటర్ల పొడవు గల పట్టాల వరుసలు ఇక్కడి నుండి బయలుదేరుతున్నాయి. ఉక్కులో భాస్వరం హెచ్చితే, ముఖ్యంగా చలిలో, అది పెళుసుబారుతుంది. కన్వర్టర్‌లో భాస్వరాన్ని పట్టుకోవడానికి అనుకూలమైన కాలం ఊదడం మొదలైన తొలి భాగం. అప్పటికి ఉష్ణోగ్రత ఇంకా మితంగా ఉంటుంది. సున్నం ఆ వేళకే కరిగి సిద్ధంగా ఉండాలి. మాడిన గడ్డ చుట్టూ డైకాల్షియం సిలికేటు అనే గట్టి పొర ఏర్పడుతుంది. అది 2,100 డిగ్రీలు దాటితే గాని కరగదు. ఆ పొర లోపల సున్నం బందీ అయి, పని జరగవలసిన సమయం మించిపోతుంది. ఆలస్యంగా మేల్కొన్న సున్నం మా ఊరి గోడకు పొక్కులు తెచ్చింది. కన్వర్టర్‌లోనైతే అది ఎక్కడికి దారితీస్తుందో ఊహించుకోవచ్చు. సెలవులకు రాయపూర్ నుండి విజయనగరం మార్గంలో స్వగ్రామాలకు వెళ్లే మన కుటుంబాలు ఆ పట్టాల మీదనే గదా ప్రయాణిస్తాయి!

ఇదే న్యాయం కోక్ ఓవెన్ల గోడలకూ వర్తిస్తుంది. అక్కడి ఇటుకలు సిలికావి. క్వార్ట్జ్, ట్రిడిమైట్, క్రిస్టోబలైట్, ఈ మూడూ రసాయనికంగా సిలికాయే. సాంద్రతలు మాత్రం వరుసగా 2.65, 2.27, 2.33. ఇటుక కాల్పులో మార్పు పూర్తి కాక క్వార్ట్జ్ మిగిలిపోతే, ఆ ఇటుక గోడలో చేరిన తరువాత వేడికి పెరుగుతూ పోయి, గోడకు ముప్పు తెస్తుంది. క్వార్ట్జ్ 573 డిగ్రీల వద్ద, క్రిస్టోబలైట్ 200 దాటి 300 లోపున హఠాత్తుగా రూపం మార్చుకుంటాయి. ఇవన్నీ ఉష్ణ విశ్లేషణలో స్పష్టంగా కనిపిస్తాయి. క్రొత్త బ్యాటరీని వేడెక్కించడానికి రెండు మూడు నెలలు తీసుకోవడం సోమరితనం కాదు. ఆ గీతలు చెప్పిన హితవు పాటించడం.

ఇంటివారికి ఒక మాట

సున్నంతో ఇంట్లో పని పడినప్పుడు కొన్ని జాగ్రత్తలు మరువకండి. ఒక కిలో మంచి పొడి సున్నం నీటితో కలిసినప్పుడు వెలువడే వేడి మూడు లీటర్లకు పైగా నీటిని మరిగించగలదు. కనుక ప్లాస్టిక్ బకెట్టు వాడరాదు. ముందు నీరు పోసి, అందులో సున్నాన్ని కొద్ది కొద్దిగా వేయాలి గాని, సున్నపు కుప్ప మీద నీరు పోయరాదు. ముఖం దూరంగా ఉంచుకోవాలి. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. కంటిలో సున్నం పడితే వెంటనే ధారగా మంచినీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. చలించని గడ్డలు కుండ అడుగున కనిపిస్తే, ‘చచ్చిన సున్నమే గదా’ అని ఉపేక్షించకండి. కొంతసేపటికి అవి కూడా మేల్కొనవచ్చు.

అమ్మాయి నా మాటలన్నీ విని, ‘‘అయితే అంకుల్, సంఘటనం చూస్తే అది ఏ పదార్థమో తెలుస్తుంది, వేడి చరిత్ర చూస్తే అది ఎట్లా నడుచుకుంటుందో తెలుస్తుంది. అంతేనా?’’ అని అడిగింది. అంతే. నాలుగు సమీకరణాలూ ఆమెకు ఇక భారం కావు.

మన కాలనీ పేరులోనే స్మృతి ఉన్నది. రాతికి కూడా ఒక విధమైన స్మృతి ఉన్నదని, తాను చూసిన వేడిని అది మరచిపోదని ఇన్నేళ్ల కొలిమి కొలువు నాకు నేర్పింది. కాగితం మీద ఒకే శాతం ఉన్న రెండు గడ్డలను ఒకటే అనుకోవడం వలన ఒక పెద్దమనిషి రెండు నెలల పాటు చేయని తప్పుకు తలవంచుకుని తిరగవలసి వచ్చింది. అప్పటి నుండి నివేదిక మీద సంతకం చేసే ముందు, ‘నేను సరైన ప్రశ్న అడిగానా?’ అని ఒకసారి ఆగి ఆలోచించడం అలవాటు చేసుకున్నాను. యువ ఇంజనీర్లు ఆ అలవాటును నా వలె ఆలస్యంగా గాక ముందుగానే చేసుకోవాలని నా కోరిక. కొలిమి వద్ద నిలబడి పనిచేసే అనుభవజ్ఞుడు మగ్గు పట్టుకుని మీ గదికి వస్తే, దయచేసి ముందు ఆయనకు కుర్చీ చూపండి; తరువాత ఆ నీళ్లలోకి చూడండి.

వచ్చే నెలలో దల్లీ–రాజహరా రాయి సింటర్‌గా మారే క్రమాన్ని గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.